రైల్వే గేటు దాకా ఓడ

మా మరిది పోయాడు. కొరాపుట్ ఆసుపత్రి నుంచి మా మనవరాలు ఫోన్ చేసేటప్పటికి నేను రాయగడలో మా గొడౌన్ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని చింతపండు బస్తాలు దింపిస్తున్నాను. "నానమ్మా, సిన్నతాత పోయేడు," అంది. హమాలీలను ఆగమన్నాను. లారీ సగం ఖాళీ అయి ఉంది. డ్రైవరు కిందికి దిగి, సంగతి విని, వెనక చక్రానికి అడ్డం పెట్టిన చెక్కముక్క వైపు చూస్తూ నిలబడ్డాడు. లారీ ఆగగానే చక్రానికి చెక్క అడ్డం పెట్టడం ఆ డ్రైవరుకు నేర్పింది మా మరిదే.

బజారులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "జహాజ్ బాబు" అనేవాళ్లు. ఒడియావాళ్లకైనా హిందీవాళ్లకైనా జహాజ్ అంటే ఓడ. సముద్రం కనిపించని ఈ కొండల ఊళ్లో అలాంటి పేరు ఒక్కడికే ఉండేది. అతను నౌకాదళంలో చేరి, విమానాలను మోసే ఓడ మీద పని చేసి, తిరిగి మా ఇంటికే వచ్చాడు. పోయిన మనిషిని ఉన్నదానికన్నా పెంచి రాయడం నాకు చేతకాదు. నేను చూసింది చూసినట్టు, అతను చెప్పగా విన్నది విన్నట్టు, రెండూ కలిపెయ్యకుండా రాస్తాను.

మా మామగారి తండ్రి కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టిన కుటుంబం మాది. కొండ మీది చింతపండు, పసుపు, అల్లం కొని మైదానానికి పంపడం పని. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి మరిది చిన్న పిల్లవాడు. తల్లి లేదు. లెక్కల్లో మొద్దు. స్కేలు పట్టుకుని కూర్చుని అతనికి ఎక్కాలు నేర్పింది నేను. ఏడో ఎక్కం దగ్గర ఎప్పుడూ తడబడేవాడు. తడబడినప్పుడల్లా చెయ్యి తనే చాపేవాడు, నేను అడగక ముందే. ఆ అలవాటు అతనికి జన్మంతా పోలేదు. తప్పు జరిగితే ఎవరిదని వెతికేవాడు కాదు, ముందు తన చెయ్యి చాపేవాడు.

దుకాణంలో కూర్చోబెడితే కూర్చునేవాడు గానీ కళ్లు వీధిలోనే ఉండేవి. పెద్ద పరీక్ష ప్యాసైన ఏడాది, విజయనగరంలో పెళ్లికని వెళ్లి, అటునుంచి అటే విశాఖపట్నం పోయి, నౌకాదళంలో చేరడానికి సంతకం చేసి వచ్చాడు. వాళ్లన్నకు చెప్పే ధైర్యం లేక వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "ఒదినా, అన్నకి నువ్వే సెప్పు. నువ్వు సెప్తే తిట్టడు, ఆలోసిస్తాడు," అన్నాడు. నేను చెప్పాను. మావారు ఆలోచించారు, తర్వాత తిట్టారు, తర్వాత రైల్వే స్టేషన్‌కు వెళ్లి రైలెక్కించారు. చిలికా సరస్సు దగ్గర శిక్షణ. అక్కడ నుంచి ఏవేవో రేవులు. చివరికి ఆ ఓడ.

ఓడ పేరు నేనిక్కడ రాయడం లేదు. ఎందుకంటే అతను దాన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "పెద్దామె" అనేవాడు. మావారు నవ్వేవారు: "మొగుడి పేరు సెప్పని పాతకాలం ఆడదానిలాగున్నాడు ఈడు. ఓడని పెళ్లాడేడేటి?" పెళ్లి నిజంగానే చేసుకోలేదు. ఎందుకని నేను అడిగాను, అతను చెప్పలేదు. కాబట్టి కారణం నాకు తెలియదు.

పెద్దామె చరిత్ర అతని నోట విన్నదే. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా ఇంగ్లండులో దానికి వెన్ను, అంటే అడుగు దూలం, వేశారట. యుద్ధం అయిపోయింది, ఓడ పూర్తి కాలేదు. ఏళ్ల తరబడి సగంలో నిలబడిపోయింది. "పుట్టకముందే ఎదురుసూపులు పడ్డాది ఒదినా," అనేవాడు. తర్వాత పూర్తిచేసి వాళ్లు వాడుకున్నారు. దక్షిణాన ఎక్కడో మంచు దీవుల కోసం జరిగిన యుద్ధానికి అదే ముందు నడిచింది. వాళ్లకు పాతబడ్డాక మనవాళ్లు కొన్నారు. ఇంకొకరైతే తుక్కు కింద లెక్కగట్టే వయసులో మన జెండా ఎత్తుకుని ఇంకా ముప్ఫై ఏళ్లు తిరిగింది. ప్రపంచంలో అంతకాలం పని చేసిన అలాంటి ఓడ మరొకటి లేదని చెప్పేవాడు. ఇది చెప్పేటప్పుడు మాత్రం కాస్త గొంతు పెంచేవాడు.

అతని పని డెక్ మీద. డెక్ అంటే ఓడ నెత్తిమీద పరిచిన ఇనుప మైదానం. దాని ముందు భాగం, అతని మాటలో ఓడ మూతి, తిన్నగా ఉండదు. పైకి వంగి ఉంటుంది. విమానం పరుగెత్తుకుంటూ వచ్చి ఆ వంపు ఎక్కి ఆకాశంలోకి దూకుతుంది. తిరిగి వచ్చేటప్పుడు నిలువుగా దిగుతుంది. దిగినదాన్ని తోసి, తిప్పి, చక్రాలకు చెక్కలు పెట్టి, గొలుసులు కట్టడం మా మరిదివాళ్ల పని. ఇంజన్ల హోరులో మాట వినపడదు కాబట్టి అంతా చేతులతోనే చెప్పుకునేవాళ్లు. ఆ హోరే అతని చెవులు తినేసింది. నలభై దాటేసరికి కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి సగం పోయాయి.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు మావారు అడిగారు, ఓడ మీద నువ్వు చేసేదేమిటని. విమానాల గురించి చెప్తాడనుకున్నాం. అతను లేచి, పెరట్లో ఒక చివర నిలబడి, తల వంచి, ఒక్కొక్క అడుగే వేస్తూ రెండో చివరకు నడిచాడు. మధ్యలో రెండుసార్లు వంగి ఏదో ఏరాడు. వచ్చి అరచెయ్యి తెరిచి చూపించాడు. ఒక గుండుసూది, నా జాకెట్టు హుక్కు ఒకటి.

విమానాలు ఎగిరే ముందు రోజూ అలా నడిచేవాళ్లట. డెక్ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా భుజానికి భుజం తగిలేలా ఒకే వరసలో నిలబడి, పెద్ద అధికారి మొదలు వంటవాడి దాకా, తలలు వంచుకుని, మెల్లగా, మూతి దాకా. రాయి, మర, తీగముక్క, గుడ్డపీలిక, ఏది కనిపిస్తే అది ఏరి సంచిలో వెయ్యాలి. మావారు పగలబడి నవ్వారు. "ఇంత సదువు సదివి సముద్రం మీద సీపురుకట్ట పట్టేవేట్రా?" అన్నారు. అతను కోపగించుకోలేదు. నావైపు తిరిగి చెప్పాడు: "నేల మీద పడున్నదాన్ని సిన్నదనుకోకు ఒదినా. ఇంజను దాన్ని మింగిందంటే ఇమానమూ పోద్ది, మడిసీ పోతాడు."

ఆ నడకకు ఒక నియమం ఉంది. దొరికినదేదీ జేబులో పెట్టుకోకూడదు. ఎంత చిన్న మర అయినా అప్పగించాలి, ఎందుకంటే అది ఏ విమానానిదో, ఎక్కడ ఊడిందో వెతికేవాళ్లు వేరే ఉంటారు. ఈ నియమాన్ని అతను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, చివరికి ఓడ దిగి వచ్చేసిన రోజున తోటివాళ్లు గుర్తుగా ఒక తాడు ముక్కో ఇత్తడి బిళ్లో తెచ్చుకుంటే, ఇతను మాత్రం ఒట్టి చేతులతో వచ్చాడు. ఒక్కటైనా తెచ్చుకోకపోయావా అని నేనే అన్నాను. "ముక్క దేనికి? పెద్దామె నిక్షేపంలాగున్నాది. సూడాలంటే ఎల్లి సూసొస్తాను," అన్నాడు.

ఇంటికి వచ్చేశాక వీధి గది అతనిది. బల్ల మీద కదలకుండా తిన్నగా పడుకునేవాడు, పక్కకు దొర్లితే ఇంకొకడి మీద పడతాడన్నట్టు. సగం బకెట్టుతో స్నానం ముగించేవాడు. ఇంట్లో చక్రమున్న ప్రతిదానికీ అడ్డం పెట్టేవాడు: సైకిలుకు ఇటుక, గ్యాసు బండ పెట్టుకునే చక్రాల పీటకు కొబ్బరిపీచు, మనవరాలి మూడుచక్రాల బండికి నా రుబ్బురోలు పొత్రం. పొత్రం కోసం వెతుక్కుని వెతుక్కుని ఒకరోజు గట్టిగా కేకలేశాను. "సక్రమున్నదేదీ నమ్మరాదు ఒదినా," అని, పొత్రం తెచ్చి ఇచ్చి, దాని స్థానంలో చెక్కముక్క పెట్టాడు.

మా వీధి ఇరుకు. లారీ వెనక్కు రావాలంటే ఒకప్పుడు అరగంట గొడవ. ఇతను వచ్చాక వీధి మధ్యలో నిలబడి రెండు చేతులూ పైకెత్తి, వేళ్లతో రమ్మంటూ, ఒక చెయ్యి దించి తిప్పమంటూ, పిడికిళ్లు బిగించి ఆగమంటూ లారీని గుమ్మానికి తెచ్చి ఆనించేవాడు. నోరు తెరిచేవాడు కాదు. బొరిగుమ్మ డ్రైవర్లకూ, కొట్పాడ్ సంతకు పోయే బండ్లవాళ్లకూ ఆ చేతుల భాష వచ్చేసింది. మా పాత హమాలీ మేస్త్రి, ఈ కొండల్లో పుట్టిన దేశియా మనిషి, అనేవాడు: "జహాజ్ బాబు సేతులెత్తితే లారీ కాదు, ఏనుగైనా ఎనక్కి నడుస్తాది."

ఇక నడక. రోజూ పొద్దున్నే లారీలు రాకముందు గొడౌన్ గుమ్మం దగ్గర మొదలుపెట్టి రైల్వే గేటు దాకా తల వంచి నడిచేవాడు. మేకులు, బస్తా కుట్టే తీగలు, లారీల నుంచి ఊడిన మరలు, సీసా పెంకులు. అన్నీ ఒక పాత డాల్డా డబ్బాలో వేసేవాడు. డబ్బా మా గేటు కొక్కేనికి వేలాడుతుండేది. నిండితే పాత ఇనుము వాడికి ఊరికే ఇచ్చేవాడు. జనం మొదట్లో వింతగా చూశారు. కొన్నాళ్లకు చూడడం మానేశారు. మా వీధిలో పిల్లలు చెప్పులు లేకుండా పరుగెత్తేవాళ్లు. ఎవరి కాలికీ ఏదీ గుచ్చుకున్నట్టు నాకు గుర్తు లేదు. దానికి కారణం ఎవరో అప్పట్లో ఎవరూ అనుకోలేదు, నాతో సహా.

ఓడ పనికాలం ముగిసిందని, దాన్ని నౌకాదళం నుంచి విడిచిపెట్టారని వార్త వచ్చింది. ఆ వెనకాలే ఇంకొక వార్త. దాన్ని విశాఖపట్నం తెచ్చి, తీరాన నిలబెట్టి, జనం చూసేలా చేస్తారని. పేపరు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. అంత సంతోషంగా అతన్ని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. "ఒదినా, పెద్దామె ఇసాపట్నం వచ్చెస్తంది. ఇంక మనం దాని కాడికి ఎల్లక్కర్నేదు. రాయగడలో రైలెక్కితే మజ్జానానికి దాని ఒళ్లో ఉంటాం," అన్నాడు.

మనవరాలు అప్పటికి బడిపిల్ల. ఆమె చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకుపోయాడు. పెద్దామె ఎంత పొడవో ఆమెకు చూపించాలి. అప్పుడే అతనికి ఒక సంగతి తట్టింది. మా గొడౌన్ గుమ్మం నుంచి రైల్వే గేటు దాకా నడిస్తే దాదాపు ఓడంత పొడవు. పైగా పట్టాలు ఎత్తులో ఉన్నాయి కాబట్టి గేటు దగ్గర రోడ్డు కాస్త పైకి లేస్తుంది. "ఇదుగో అమ్మి, ఇది మూతి. ఇమానం ఇక్కడికొచ్చి ఇలాగ దూకుద్ది," అని ఆ ఎత్తు మీద నిలబడి చెయ్యి కొండల వైపు చాపాడు. గేటు కాపలా మనిషి రైలొస్తుందేమోనని అటు చూశాడట. ఇది మనవరాలు చెప్పింది.

ఆ రోజు నుంచి వీధికి అదే లెక్క. పసుపు వ్యాపారి ఇల్లు విమానాలను పైకి తెచ్చే లిఫ్టు. టైలరు కొట్టు అధికారులు నిలబడే చోటు. విశాఖ వెళ్లినప్పుడు ముందు ఏం చూడాలో, తర్వాత ఏం చూడాలో ఆ పిల్లకు వరసగా నేర్పాడు. నేను ఎక్కాలు నేర్పినట్టే, కొట్టకుండా. "ముందు మూతి సూడాల. మూతి సూస్తే మిగిల్నదంతా తెలిసిపోద్ది."

విశాఖలో కాదని తర్వాత తెలిసింది. ఇంకొక రాష్ట్రం తీసుకుంటుందన్నారు. అదీ కాలేదు. ఎందుకు కాలేదో పేపర్లలో తలా ఒక రకంగా రాశారు, నేను ఏదీ నిర్ధారించలేను. ప్రతిసారీ అతను, "ఆలస్యమవుద్దంతే. పుట్టినప్పుడూ అలాగే ఆగింది," అనేవాడు. మావారు చనిపోయిన ఏడాది కూడా, దినకార్యాలకు వచ్చిన విశాఖ బంధువులను ఒక మూలకు తీసుకుపోయి, తీరంలో చోటేమైనా చదును చేస్తున్నారా అని అడిగాడు. నేను విన్నాను.

చివరికి గుజరాత్‌లో ఓడలను కోసే తీరానికి అమ్మేశారు. లాక్కుపోయి ఇసుకలోకి ఎక్కించడం టీవీలో చూపించారు. అతను శబ్దం పెట్టకుండా చూశాడు. పెట్టినా అతనికి వినపడదు. కొయ్యకుండా ఆపాలని కోర్టుకు వెళ్లినవాళ్లు ఉన్నారని మనవరాలు చదివి చెప్పింది. దానితో మళ్లీ కొన్ని నెలలు గడిచాయి. మహమ్మారి వల్ల రైళ్లు సరిగా నడవని కాలం అది. నడవడం మొదలవగానే, "ఒక్కసారి మూతి సూసొస్తానొదినా," అన్నాడు. చెవులు వినపడని మనిషిని ఒంటరిగా పంపలేక నేనూ, మనవరాలూ బయలుదేరాం.

ఆ తీరానికి సామాన్యులను రానివ్వరు. గేటు దగ్గర కాపలాదారుకు మనవరాలు హిందీలో చెప్పింది, ఈయన ఆ ఓడ మీద పని చేశారని. కాపలాదారు మర్యాదస్తుడే. ఇలా చాలామంది వస్తున్నారని, లోపలికి పంపే హక్కు తనకు లేదని చెప్పి, గోడ పక్కన మట్టిదిబ్బ చూపించాడు. అక్కడి నుంచి కనబడుతుంది. నేనూ ఎక్కాను. బురదలో ఒక బూడిదరంగు గోడలాంటిది నిలబడి ఉంది. దాని ముందు భాగం లేదు. తెరిచిన బీరువాలో అరల్లాగా లోపలి అంతస్తులు బయటికి కనిపిస్తున్నాయి. ఎక్కడో నిప్పురవ్వలు రాలుతున్నాయి. ఓడలను మూతి వైపు నుంచే కోయడం మొదలుపెడతారని కాపలాదారు చెప్పాడు, ఆ వైపే ఒడ్డున ఉంటుంది కాబట్టి.

మా మరిది చాలాసేపు చూశాడు. అతను ఏడుస్తాడేమోనని నేను చూపు తిప్పుకున్నాను. ఏడవలేదు. "మూతి నేదు," అన్నాడు. నావైపు తిరిగి, "మూతి నేని మనిషిని నేనెలాగ గుర్తట్టను ఒదినా?" అన్నాడు.

తీరానికి పోయే రోడ్డు పొడుగునా, రెండు పక్కలా, కోసిన ఓడల సామాన్ల కొట్లు ఉన్నాయి. మంచాలు, గిన్నెలు, గడియారాలు, గుట్టలుగా తాళ్లు, రాశులుగా మరలు. అతను దిబ్బ దిగి మొదటి కొట్టు దగ్గర తల వంచాడు. ఆ రోడ్డంతా అలాగే నడిచాడు, ఒక్కొక్క అడుగు వేస్తూ, మా వీధిలో నడిచినట్టే. వంగి ఒకటి తీసేవాడు, చేతిలో తిప్పేవాడు, తిరిగి పెట్టేసేవాడు. ఒక కొట్టువాడు ఇది మీ ఓడదే అని ఒక గొలుసు ముక్క ఇవ్వబోయాడు. అది సరుకుల ఓడ గొలుసని అతను చూడగానే చెప్పాడు. రెండో కొట్టులో ఒక మర తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"సిన్నతాతా, ఇది దానిదేనా?" అని మనవరాలు అతని ఎడమ చెవిలో అడిగింది.

"అవ్వచ్చమ్మి. కాకపోవచ్చు," అన్నాడు. "కోసేక ఇనుముకి ఊరుండదు."

అదే పట్టుకుపోదాం, దానిదే అనుకుందాం అని ఆమె అంది. అతను ఒప్పుకోలేదు. ఎవరిదో తెలియని మరను జేబులో పెట్టుకోకూడదని చెప్పి, రాశిలో ఎక్కడ నుంచి తీశాడో అక్కడే పెట్టాడు. ఆ ఓడ మీద నుంచి తన చేతులతో రోజూ ఏరి, ఏరి, అప్పగించేసిన మనిషి. చివరకు ఒక్కటి కావలసి వస్తే, అంత ఇనుములో ఒక్కటి దొరకలేదు.

ఇంటికి వచ్చాక మొదటి కొన్ని రోజులు నాకు తేడా తెలియలేదు. పొద్దున్నే నడకకు వెళ్లేవాడు, వచ్చేవాడు. ఒకరోజు డబ్బా తుడుద్దామని తీస్తే అడుగున పాత తుప్పు తప్ప ఏమీ లేదు. అప్పుడు మా గేటు దగ్గర నిలబడి చూశాను. తల ఎత్తి నడుస్తున్నాడు. ఎదురుగా చూస్తూ, చేతులు వెనక్కు కట్టుకుని, అందరు ముసలివాళ్లూ నడిచినట్టు. రైల్వే గేటు ఎత్తు దాకా వెళ్లకుండానే టైలరు కొట్టు దగ్గర వెనక్కు తిరిగాడు.

"ఏరడం మానేశావేటి?" అని అడిగాను. నేనూ అప్పుడప్పుడు ఈ ఊరి మాటే మాట్లాడతాను.

"ఏ ఇమానం దిగుద్దని ఒదినా?" అన్నాడు.

పిల్లలున్నారు కదా, వాళ్ల కాళ్లు ఉన్నాయి కదా అని తర్వాత తట్టింది. తట్టిన రోజునే చెప్పాను కూడా. అతను తలూపాడు. మర్నాడు వీధికి వెళ్లి, మా గుమ్మం ముందు ఒకసారి వంగి, సగంలో నడుం పట్టుకుని లేచి, లోపలికి వచ్చేశాడు. ఇష్టం లేని పని అతని ఒంటికి చేతకాదు. చిన్నప్పుడు దుకాణంలోనూ అంతే.

షుగరు చాలా కాలంగా ఉంది. పాదాల్లో స్పర్శ తగ్గిందని డాక్టరు ముందే చెప్పి, జాగ్రత్తలు రాసిచ్చారు. ఈ వానాకాలంలో ఒకరోజు మనవరాలు అతని రబ్బరు చెప్పులు కడుగుతుంటే ఒకదానిలో మేకు కనిపించింది. పళ్ల పెట్టెలకు కొట్టే మేకు. చెప్పులోంచి పైకి వచ్చి ఉంది. ఎన్నాళ్లుగా దాని మీద నడుస్తున్నాడో అతనికే తెలియదు. పాదం చూసేటప్పటికి నల్లబడింది. రాయగడలో చూపించాం, కొరాపుట్ తీసుకుపొమ్మన్నారు. తీసుకుపోయాం. అక్కడివాళ్లు చేయవలసిందంతా చేశారు. మోకాలి కింద తియ్యక తప్పదన్నారు.

ఆ మాట అతని చెవిలో చెప్పవలసినదాన్ని నేనే. కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుని చెప్పాను. స్కేలు పట్టుకున్నప్పటి గొంతే నాకు వచ్చింది, ఇంకో గొంతు రాలేదు. అతను విన్నాడు. దుప్పటి కింద కాలి వైపు చూశాడు.

"మూతి వైపు నుంచే మొదలెడతారన్నమాట," అన్నాడు.

నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. తర్వాత చెయ్యి చాపాడు, ఏడో ఎక్కం తప్పినప్పుడు చాపినట్టు, అరచెయ్యి పైకి. నేను పట్టుకున్నాను. కాలు తీశారు. విషం అప్పటికే పైకి పాకింది. నేను గొడౌన్ చూసుకోవడానికి ఒక పూట రాయగడ వచ్చాను. ఆ పూటే పోయాడు.

కొరాపుట్ నుంచి ఘాటీ రోడ్డు మీద సాయంత్రానికి తెచ్చారు. ఆసుపత్రి బండి వీధిలోకి వెనక్కు రావాలి. డ్రైవరు మా దుకాణానికి ఏళ్లుగా సరుకు తోలినవాడే, ఈ మధ్యనే ఈ బండి నడుపుతున్నాడు. మలుపు తిరిగి, పక్క అద్దంలోకి చూసి, ఆగిపోయాడు. ఎంతసేపటికీ కదలడు. ఏమైందని మేస్త్రి వెళ్లి అడిగాడు. "సేతులు కనబడ్నేదు," అన్నాడట. చివరకు నలుగురం చేరి, రమ్మని ఒకరు, ఆగమని ఒకరు అరిచాం. బండి గేటు స్తంభాన్ని రాసుకుని లోపలికి వచ్చింది. ఆ గీత ఇంకా ఉంది.

నాగావళి ఒడ్డున మనవరాలు కొరివి పెట్టింది. ఆడపిల్ల ఏమిటని ఒకరిద్దరు అన్నారు. నేను వాళ్లవైపు చూశాను, ఆగిపోయారు. పన్నెండో రోజు అయ్యాక బంధువులు వెళ్లిపోతూ, ఎంత పుణ్యం చేసుకున్నాడో, తిరిగిన దేశాలెన్నో అన్నారు. తిరిగిన మాట నిజం. పుణ్యం సంగతి నాకు తెలియదు. కావాలనుకున్నది ఒక్కటి, అది కూడా దక్కని మనిషికి ఏం లెక్క కట్టాలో నాకు రాదు.

ఇప్పుడు పొద్దున్నే నేను కాఫీ గ్లాసు పట్టుకుని గేటు దగ్గరకు వస్తున్నాను. మోకాళ్లు వంగవు, అందుకని మెట్టు దిగను. డాల్డా డబ్బా కొక్కేనికే ఉంది, గాలికి కాస్త కదులుతుంది. లారీలు రాకముందు ఎండ రైల్వే గేటు ఎత్తు మీద నుంచి ఏటవాలుగా వీధిలోకి దిగుతుంది. ఆ వెలుగు నేల మీద పాకుతున్న కొద్దీ, ఆ చివర నుంచి మా గుమ్మం దాకా, మేకులు, మరలు, తీగముక్కలు ఒక్కొక్కటే మెరుస్తాయి.